నీలగగనము – నీలమేఘశ్యాముడు

శ్రీమన్నారాయణుని దివ్యమంగళవిగ్రహమును తలచినంతనే భక్తుని మనస్సున మెదలునది నీలవర్ణము. హరికథ చెప్పు దాసుగారు మొదలుకొని ఒడిలోని పసిబిడ్డకు జోలపాడు తల్లి వఱకు స్వామిని నీలమేఘశ్యాముడనియే పిలుతురు. ఆ దివ్యవర్ణమునకు పోలిక కావలసి వచ్చినపుడు పెద్దలు ప్రధానముగా మూడింటిని చూపిరి. ఒకటి పైనున్న ఆకాశము, రెండవది నీటితో నిండిన మేఘము, మూడవది లోతైన సముద్రము. ఈ మూడును ఏ ఒక్కరి సొత్తును కావు. గుడికి పోలేని రోగికి కిటికీలోనుండి ఆకాశము కనిపించును. పొలములోని కూలివాడు నడుము నిలువబెట్టి తలయెత్తినచో ఆకాశము కనిపించును. వరుసలో నిలువకయే లభించు దర్శనమది.

అట్టి ఆకాశము నీలముగా నుండుట యేల? చూచుటకిది చిన్నపిల్లలు వేయు ప్రశ్న. కాని దీనికి సమాధానము దొరకుటకు మానవజాతికి వేల సంవత్సరములు పట్టినది. ఆ సమాధానమును నేడు ప్రతి పాఠశాలలోను బోధించుచున్నారు. భక్తుని గృహమునకు ఆ సమాధానము వచ్చినపుడు దానిని ఎట్లు ఆదరింపవలెనన్నదే ఇచ్చటి విచారణ.

పాఠశాల నుండి వచ్చిన ప్రశ్న

నేటి వైష్ణవ గృహములలో తఱచుగా జరుగు ముచ్చట యొకటి గలదు. తొమ్మిదవ తరగతియో పదవ తరగతియో చదువు మనుమడు బడినుండి వచ్చి, పూజగదిలో నున్న తాతగారి ప్రక్కన కూర్చుండును. "తాతగారూ! ఆకాశానికి అసలు రంగే లేదట. ఎండ గాలిలో చెదరడంవల్ల అలా కనబడుతుందట. పైకి వెళ్లిపోతే అంతా నలుపేనట. మరి మన స్వామి ఆకాశంలా నీలంగా ఉంటాడంటే, అదికూడా ఉత్త కనబడడమేనా?" అని అడుగును.

ఈ ప్రశ్నకు ఇండ్లలో సాధారణముగా రెండు విధములైన సమాధానములు వచ్చుచుండును. "దేవుడి విషయంలో అధికప్రసంగం తగదు నాయనా, కళ్లు మూసుకొని దండం పెట్టు" అనుట మొదటిది. "ఇదంతా మన ఋషులు ఎప్పుడో చెప్పేశారు, వీళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు" అనుట రెండవది. రెండును ప్రేమతో చెప్పినవే. కాని రెండును కీడు చేయును.

మొదటి సమాధానము విన్న బాలుడు ప్రశ్నకును భక్తికిని ఒకే యింట చోటు లేదని నేర్చుకొనును. పెద్దవాడైన పిమ్మట ఆ రెండింటిలో నొకదానిని విడువవలసి వచ్చినచో, అతడు విడుచునది భక్తినే కావచ్చును. రెండవ సమాధానము విన్న బాలుడు ఋషులు చెప్పిన ఆ మాట ఎక్కడున్నదని వెదకును. తరంగముల కొలతలు, లెక్కలు ఏ శాస్త్రగ్రంథమునందును కనిపింపవు. అప్పుడు శాస్త్రములో నిజముగా నున్న మాటలపైనను అతనికి అనుమానము కలుగును. లేనిదానిని ఉన్నదని చెప్పి నిలువబెట్టిన గోడ, పడునపుడు ఉన్నదానిని కూడ కూల్చివేయును.

కావున మూడవ మార్గమొకటి కావలెను. ప్రశ్నను ప్రశ్నగా స్వీకరించి, వెలుగును గూర్చి తెలిసినదానిని తెలిసికొని, శాస్త్రము ఏమి చెప్పినదో దానిని సరిగా గ్రహించి, ఆ రెండింటిని వాటి వాటి స్థానములయందు ఉంచుటయే ఆ మార్గము.

పూర్వాచార్యుల విచారణ

మొదట గ్రహింపవలసినది, ఈ ప్రశ్న మన పెద్దలకు క్రొత్తది కాదు అనునది. ఆకాశమునకు రంగు ఉన్నదా లేదా యనునది మన దర్శనములలో గట్టిగా వాదింపబడిన విషయము.

న్యాయ వైశేషికులు ఆకాశమునకు శబ్దమే విశేషగుణమనియు, రూపము లేదనియు నిర్ణయించిరి. శ్రీ శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యము ఆరంభమున అధ్యాసమును వివరించుచు, కంటికి కనబడని ఆకాశమునందు అజ్ఞులు తలమును, మాలిన్యమును ఆరోపింతురని దృష్టాంతము చూపిరి. విశిష్టాద్వైతులది వేఱొక త్రోవ. జ్ఞానమునకు గోచరించునది ఏదో యొక విధముగ సత్యమేయని వారి సిద్ధాంతము. శ్రీనివాసదాసుడు రచించిన యతీంద్రమతదీపిక, పంచీకరణమువలన ఆకాశమునకు రూపము గలదనియు, అందుచేతనే అది కంటికి గోచరించుచున్నదనియు ప్రతిపాదించినది. పంచీకరణమనగా పంచభూతములు ఒకదానిలో నొకటి కలియుట. ప్రతి భూతమునందును సగము తన భాగము, తక్కిన సగములో మిగిలిన నాలుగింటి భాగములు సమముగా నుండునని దాని క్రమము.

ఇచ్చట ఏ మతమును తక్కువ చేయుట ఉద్దేశము కాదు. మూడు మార్గములవారును తలయెత్తి అదే ఆకాశమును చూచిరి, ముగ్గురును ప్రశ్నించిరి. "నోరు మూసికొనుము" అని ఎవ్వరును అనలేదు. మనుమడు అడిగిన ప్రశ్నకు మన సంప్రదాయమున ఇంత గొప్ప వంశావళి యున్నదన్నమాట. తాతగారు మొదట చెప్పదగిన మాట అదియే.

సాంబ్రాణి పొగలో కనిపించు సత్యము

ఇక వెలుగును గూర్చి తెలిసికొందము. సూర్యకాంతి మన కంటికి తెల్లగా తోచును గాని అది ఒకే రంగు కాదు. ఇంగ్లండు దేశమున ఐజాక్ న్యూటన్ 1666 ప్రాంతమున గాజు పట్టకముగుండ సూర్యకిరణమును పంపి, అది ఊదా మొదలు ఎఱుపు వఱకు గల రంగుల సముదాయమని నిరూపించెను. ఈ రంగులకు గల భేదము వాటి తరంగముల పొడవులోనిది. ఊదా కాంతి తరంగము పొడవు సుమారు 400 నానోమీటర్లు. ఎఱుపుది సుమారు 700 నానోమీటర్లు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. నీలము ఊదాకు సమీపమున, దాదాపు 450 నానోమీటర్ల వద్ద నుండును.

ఈ వెలుగు సూర్యునినుండి బయలుదేరి సుమారు ఎనిమిది నిమిషముల ఇరువది సెకనులు శూన్యములో ప్రయాణించి భూమి వాయుమండలమును చేరును. అంతవఱకు దానికి అడ్డు లేదు. వాయుమండలమున నత్రజని, ప్రాణవాయువు మొదలైన వాయువుల అణువులు నిండియున్నవి. నేలమట్టమున ఒక ఘన సెంటీమీటరు గాలిలో సుమారు 2.7 లక్షల కోట్ల కోట్ల అణువులు గలవు. ఒక్కొక్క అణువు వెలుగు తరంగము కంటె వేయిరెట్లకు పైగా చిన్నది. వెలుగు తాకినపుడు అణువులోని విద్యుదావేశములు ఆ తరంగముతోపాటు కంపించును. కంపించుచు, తాము గ్రహించిన వెలుగులో కొంతను నలుదిక్కులకు వెదజల్లును. దీనినే పరిక్షేపణమందురు.

రంగుల భేదము ఇచ్చటనే కలుగుచున్నది. పొడవు తక్కువైన తరంగము అణువును ఎక్కువ వేగముగా కంపింపజేయును. కంపన వేగము రెట్టింపైనచో వెదజల్లబడు వెలుగు రెట్టింపు గాదు, పదునారు రెట్లగును. ఈ లెక్కన 450 నానోమీటర్ల నీలకాంతి, 700 నానోమీటర్ల ఎఱ్ఱకాంతి కంటె దాదాపు ఆఱు రెట్లు అధికముగా చెదరును. సూర్యుడు నడినెత్తిన నున్నపుడు నిర్మలమైన గాలిలో నీలకాంతిలో సుమారు అయిదవ వంతు చెదరిపోగా, ఎఱుపులో నూటికి సుమారు నాలుగు పాళ్లే చెదరును. చెదరిన ఆ నీలకాంతి ఆకాశమందలి ప్రతి దిక్కునుండియు మన కంటికి చేరుచున్నది. సూర్యుడు లేని దిక్కునకు చూచినను వెలుగు కనిపించుటకు, ఆ వెలుగు నీలముగా నుండుటకు కారణమిదియే.

అట్లయినచో నీలము కంటె పొట్టి తరంగము గల ఊదా రంగే ఎక్కువగా చెదరవలెను గదా, ఆకాశము ఊదాగా నుండదేమి? ఈ సందేహము న్యాయమైనది. ఊదా ఎక్కువగా చెదరుట నిజమే. కాని సూర్యకాంతిలో ఊదా పాలు నీలము కంటె తక్కువ. మన కన్ను ఊదాను గ్రహించు శక్తియు స్వల్పము. చెదరిన రంగులన్నియు కలిసి కంటిని చేరునపుడు ఆ కలయికను మన చూపు నీలముగా గ్రహించును. అనగా ఆకాశనీలమునకు వెలుగు ఒక కారణము, గాలి ఒక కారణము, చూచు కన్ను ఒక కారణము. మూడింటిలో ఏ ఒక్కటి లోపించినను ఆ నీలము లేదు.

ఈ సత్యమును ప్రయోగశాలకు పోకయే ఇంటనే చూడవచ్చును. పూజవేళ సాంబ్రాణి వేసినపుడు లేచు పలుచని పొగను, చీకటిగా నున్న మూల యెదుట చూచినచో నీలిగా తోచును. ఆ పొగనే కిటికీలోని వెలుగునకు అడ్డముగా చూచినచో పసుపుచాయగా, గోధుమవన్నెగా కనిపించును. పొగ ఒక్కటే, చూచు దిక్కు మాఱినది. ప్రక్కకు చెదరిన వెలుగు నీలము, సూటిగా దాటివచ్చిన వెలుగు పసుపు. అట్లే చీకటి గదిలో గాజుగ్లాసెడు నీటిలో నాలుగు చుక్కలు పాలు కలిపి ఒకవైపునుండి టార్చిలైటు వేసినచో, ప్రక్కనుండి చూచువానికి నీలిచాయయు, ఎదుటినుండి చూచువానికి నారింజచాయయు గోచరించును. ఈ పరీక్షను తాతా మనుమలు కలిసి చేయవచ్చును.

ఈ మార్గములోనే బ్రిటిషు శాస్త్రజ్ఞుడు జాన్ టిండాల్ 1869 ప్రాంతమున గాజుగొట్టములో సూక్ష్మకణముల మేఘమును సృష్టించి, దానిపై వెలుగు వేసి, ఆకాశమువంటి నీలమును చూపెను. 1871లో లార్డ్ రాలీ, అనగా జాన్ విలియం స్ట్రట్, పైన చెప్పిన పదునారు రెట్ల లెక్కకు మూలమైన సూత్రమును గణితముతో సాధించెను. గాలిలోని ధూళియే ఇందుకు కారణమేమో యని తొలుత పలువురు భావించిరి. ధూళి లేకున్నను గాలి అణువులే ఆకాశమును నీలముగా చేయజాలునని రాలీ 1899లో నిరూపించెను.

సంధ్యారాగము, గ్రహణము, శేషాచలము

సంధ్యావందనము చేయువారు తూర్పున అరుణకాంతిని, పడమట సంధ్యారాగమును ప్రతిదినము చూచుచునే యుందురు. ఆ ఎఱుపును ఈ సూత్రము ఫలితమే. సూర్యుడు దిఙ్మండలమున నున్నపుడు కిరణము మనలను చేరుటకు నడినెత్తిన నున్నప్పటి కంటె దాదాపు నలుబది రెట్లు గాలిని దాటి రావలెను. అంత దూరములో నీలకాంతి దారియందే దాదాపుగా చెదరిపోవును. చివరకు మిగిలినది ఎఱుపు. ఇచ్చట మనకు ఎఱ్ఱని సంధ్యగా తోచు సూర్యుడే, అదే క్షణమున పడమటి దేశములవారికి నీలాకాశములో నడినెత్తిన ప్రకాశించుచుండును. వారి మధ్యాహ్నమును మన సాయంకాలమును ఒకే సూర్యునివి.

సంపూర్ణ చంద్రగ్రహణవేళ చంద్రుడు పూర్తిగా నల్లబడక రాగివన్నెతో నుండుటయు ఇందువలననే. భూమి నీడలో మునిగిన చంద్రుని చేరు వెలుగు, భూమి అంచుననున్న గాలిని దాటి వంగి వచ్చిన వెలుగు మాత్రమే. భూమిపై ఆ క్షణమున ఉదయించుచున్న, అస్తమించుచున్న సంధ్యలన్నింటి ఎఱుపును చంద్రబింబముపై పడుచున్నదని చెప్పవచ్చును.

రేణిగుంట వైపునుండి తిరుపతికి వచ్చు యాత్రికుడు రైలు కిటికీలోనుండి తొలిసారిగా శేషాచలమును చూచి చేతులు జోడించును. ఆ దూరమునుండి కొండలు నీలిగా తోచును. అలిపిరి చేరిన పిమ్మట చూచినచో పచ్చని చెట్లు, ఎఱ్ఱని రాళ్లు. నీలము ఎక్కడికి పోయినది? అది కొండది కాదు. కొండకును యాత్రికునకును నడుమనున్న గాలిది. ఆకాశమును నీలముగా చేసిన ఆ పరిక్షేపణమే కొండపై నీలపు మేలిముసుగు వేసినది. దూరము తగ్గిన కొలది ముసుగు పలుచనగును.

తిరుపతికి చేరువనే గాదంకి గ్రామమున జాతీయ వాతావరణ పరిశోధనశాల యొకటి గలదు. అచ్చట 1998 నుండి లైడార్ అను యంత్రముతో రాత్రివేళ ఆకుపచ్చని లేజరు కిరణమును ఆకాశములోనికి పంపి, పై గాలి అణువులు తిరిగి వెదజల్లు స్వల్పమైన వెలుగును పట్టి, ముప్పది కిలోమీటర్లకు పైనున్న వాయుమండలపు ఉష్ణోగ్రతను లెక్కగట్టుచుండిరి. రాలీ చెప్పిన సూత్రమే దానికి ఆధారము. ఏడుకొండలపైనున్న నీలమును భక్తుడు మ్రొక్కుచుండగా, ఆ కొండలకు సమీపముననే శాస్త్రజ్ఞులు ఆ నీలమునకు కారణమైన ధర్మముతో ఆకాశమును కొలిచిరి. ఈ రెండు పనులకు విరోధమేమియు లేదు.

గాలి లేని చోట ఈ నీలము లేదు. 1969లో చంద్రునిపై అడుగిడిన వ్యోమగాములు పట్టపగలు ఎండలో నిలిచియు నల్లని ఆకాశమునే చూచిరి. అంగారకునిపై గాలి మిక్కిలి పలుచన. దానిలో తేలు ఎఱ్ఱధూళి మూలమున పగటి ఆకాశము గోధుమ పసుపుచాయగా నుండును. సూర్యుడస్తమించునపుడు మాత్రము సూర్యుని చుట్టును నీలిచాయ కమ్మును. 2005లో స్పిరిట్ అను యంత్రవాహనము అక్కడి అస్తమయ చిత్రమును పంపినది. భూమిపై పగలు నీలము, సంధ్య ఎఱుపు. అంగారకునిపై దాదాపు తలక్రిందు. మనుష్యునకు ప్రాణాధారమైన గాలియే ఈ లోకమున మన ఆకాశమును నీలముగా చేయుచున్నది.

సముద్రనీలమును చూచిన రామన్

ఆకాశము తరువాతి పోలిక సముద్రము. దీనిని విచారించిన మహనీయుడు సర్ చంద్రశేఖర వేంకట రామన్. ఆయన 1888లో తిరుచిరాపల్లి ప్రాంతమున జన్మించెను. తండ్రిగారు విశాఖపట్టణమున ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులగుటచేత ఆయన బాల్యవిద్య ఆ సముద్రతీరముననే సాగినది. 1921లో ఇంగ్లండునుండి ఓడపై తిరిగివచ్చుచు మధ్యధరా సముద్రపు గాఢనీలమును చూచి, ఆయన ఆశ్చర్యపడెను. సముద్రము నీలముగా నుండుటకు ఆకాశపు ప్రతిబింబమే కారణమని రాలీ అభిప్రాయపడి యుండెను. రామన్ తనవద్ద నున్న చిన్న సాధనముతో నీటిపై ప్రతిఫలించు కాంతిని అడ్డగించి చూచెను. నీలము పోలేదు సరిగదా, మఱింత గాఢమయ్యెను. నీటి లోపలి అణువులే వెలుగును చెదరగొట్టుచున్నవని ఆయన గ్రహించెను. నీరు ఎఱ్ఱకాంతిని తనలో ఇంకించుకొనుటయు సముద్రనీలమునకు ముఖ్యకారణమని నేటి విజ్ఞానము చెప్పుచున్నది.

ఆ విచారణయే విస్తరించి, 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో కె.ఎస్. కృష్ణన్ సహకారముతో రామన్ ఫలితముగా పరిణమించినది. చెదరిన వెలుగులో అత్యల్పభాగము రంగు మార్చుకొనునని అది వెల్లడించినది. 1930లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. 1987 నుండి ఫిబ్రవరి 28ని జాతీయ విజ్ఞాన దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. పెద్దవాడు చెప్పిన మాటను గౌరవించుచునే, ఓడ అంచున నిలిచి తన కంటితో తాను పరీక్షించుట ఆయన చూపిన పద్ధతి. గౌరవమును పరీక్షయు ఒకరియందే యుండగలవని దీనివలన తెలియుచున్నది.

కనబడుట అబద్ధమా?

ఇప్పుడు మనుమని ప్రశ్నకు రావచ్చును. "ఆకాశనీలము ఉత్త కనబడడమేనా?" కాదు. ఆ నీలము గోడకు పూసిన రంగువలె ఆకాశమునకు అంటుకొనియున్నది కాదు; అట్లని భ్రమయు కాదు. నిజమైన వెలుగు నిజమైన గాలిని తాకగా పుట్టిన నిజమైన నీలకాంతియే కంటిని చేరుచున్నది. దానిని కొలవవచ్చును, ఛాయాచిత్రము తీయవచ్చును, లెక్కగట్టవచ్చును. కొన్నింటి కలయికచేత కలిగినంతమాత్రమున ఒక వస్తువు అసత్యము కాదు. నాదస్వరము యొక్క నాదము కొయ్యలో లేదు, ఊపిరిలో లేదు, వ్రేళ్లలో లేదు; మూడును కలిసినపుడు కలుగును. దానిని ఎవ్వరును అబద్ధమనరు.

భూతముల కలయికచేత ఆకాశమునకు రూపము కలిగినదన్న యతీంద్రమతదీపిక వాక్యము ఇచ్చట స్ఫురించుట సహజమే. శూన్యమునకు రంగు లేదు. తేజస్సు వాయువుతో కూడిన చోట నీలము పుట్టినది అనుట విన్నపుడు మనస్సునకు సంతోషము కలుగును. కాని ఇంతటితో నిలువవలెను. ఆచార్యులు విచారించినది పదార్థము యొక్క స్వరూపమును. రాలీ లెక్కించినది వెలుగు నడకను. శాస్త్రమునందలి ఆకాశము అవకాశమునిచ్చు భూతము; భౌతికశాస్త్రజ్ఞుడు చూచు నింగి గాలిపొర. రెండు మాటలు ఒక్కటియే యని పలుకుట రెండింటికిని అపచారము. రెండు దీపములు ఒకే గదిలో నుండవచ్చును. ఒకదాని వత్తిని మఱొకదానిలో పెట్టవలసిన పనిలేదు.

ఇక స్వామి వర్ణమును గూర్చి. ఉపమానము ఉపమేయమునకు కారణము కాదు. ముఖము చంద్రునివలె నున్నదన్నపుడు ముఖముపై చంద్రునిలోని గుంటలున్నవని ఎవ్వరును తలపరు. పెద్దలు స్వామిని ఆకాశముతో పోల్చినపుడు గాలి అణువుల లెక్కను ఉద్దేశింపలేదు. ఎల్లెడల వ్యాపించి, ఎంత చూచినను అంతము దొరకక, చూచువానికి చల్లదనమిచ్చు ఆ గుణములను ఉద్దేశించిరి. వాయుమండలము దాటినపిదప నీలము ఆగిపోవును. పరమాత్ముని వ్యాప్తికి అట్టి హద్దు లేదు. ఉపమానము అచ్చట తన పనిని ముగించుకొని తప్పుకొనును. పరిక్షేపణ సూత్రము తెలిసినవానికి స్వామి నీలిమ తగ్గదు; తెలియనివానికి పెరుగదు. భక్తికి ఆధారము ఆ లెక్క కానపుడు, ఆ లెక్క తెలిసినందున భక్తికి భయమేల?

జగత్తు భగవంతుని శరీరమని శ్రీమద్రామానుజ సిద్ధాంతము. శరీరము మిథ్య కాదు; దానియందు క్రమము గలదు, నియమము గలదు. అణువు ఏ రంగును ఎంత పాలు చెదరగొట్టవలెనో ఆ నియమము ఈ కొండపైనను, ఆ సముద్రముపైనను, అంగారకునిపైనను ఒకే తీరున నడచుచున్నది. అంతటి క్రమమును తెలిసికొనుట స్వామి శరీరమును గూర్చి తెలిసికొనుటయే గాని ఆయనకు దూరమగుట కాదు.

మేఘము నలుపు

మూడవ పోలిక మేఘము. దీనిలో ప్రత్యేకమైన విశేషము గలదు. మేఘములోని నీటిబొట్టు గాలి అణువువంటిది కాదు. అది వెలుగు తరంగము కంటె ఎన్నో రెట్లు పెద్దది. కావున అది అన్ని రంగులను దాదాపు సమముగా వెదజల్లును. అన్ని రంగులు కలిసినచో తెలుపు. అందుచేతనే పలుచని మేఘము దూదివలె తెల్లగా నుండును. అట్లయినచో వానమేఘము నల్లగా నుండుటేల? నీరు నిండినందువలన. మేఘము దట్టమైనపుడు పైనుండి పడిన వెలుగు లెక్కలేనన్ని బొట్లపై పడి చెదరి, అధికభాగము పైకే తిరిగిపోవును. అడుగునకు చేరునది స్వల్పము. విమానములోనుండి చూచువానికి ఆ మేఘమే మిరుమిట్లు గొలుపు తెల్లదనముతో కనిపించును. నేలపై నిలిచి వానకై ఎదురుచూచు రైతునకు మాత్రమే అది నల్లనిది.

ఆండాళ్ తల్లి తిరుప్పావై నాలుగవ పాశురమున వర్షమేఘమును స్వామి దివ్యరూపముతో పోల్చినది. ధనుర్మాసములో ప్రతి వైష్ణవ గృహమునను అనుసంధింపబడు పాశురమది. వానమేఘపు నలుపు లేమివలన కలిగినది కాదు, నిండుదనము వలన కలిగినది. ఇచ్చుటకు సిద్ధముగా నున్నదానికే ఆ రంగు. ఏమియు లేని మేఘము తెల్లగా తేలిపోవును. క్రింద నిలిచి దోసిలి పట్టినవానికి శ్యామవర్ణముగా దర్శనమిచ్చునది కరుణతో నిండిన మేఘమే. వెలుగు నడక తెలిసినపిమ్మట ఈ పోలిక పలుచబడుటకు మాఱుగా చిక్కబడుచున్నది.

చెదరిపోవుచున్న నీలము

తెలిసికొన్నదానికి తగిన నడవడియు కావలెను. గాలిలో పొగ, మసి, ధూళి పెరిగినపుడు ఆ కణములు అణువుల కంటె పెద్దవగుటచేత రంగులన్నింటిని ఇంచుమించు సమముగా చెదరగొట్టును. అప్పుడు నీలము పాలిపోయి ఆకాశము తెల్లబాఱును, బూడిదచాయ దాల్చును. వాన వెలిసిన మఱునాడు ఆకాశము గాఢనీలముగా నుండుటకు కారణము ధూళి కొట్టుకొనిపోవుటయే. 2020లో కరోనా మూలమున వాహనములు, కర్మాగారములు నిలిచిన దినములలో పంజాబులోని జలంధరు నగరవాసులు, చిరకాలముగా కనబడక యున్న హిమాలయశ్రేణిని తమ మేడలపైనుండి చూడగలిగిరి. కొండలు ఎక్కడికిని పోలేదు. నడుమ కమ్మిన మాలిన్యము తొలగినది.

స్వామిని ఏ నీలముతో పోల్చి స్తుతించుచున్నామో ఆ నీలమును మన చేతులతోనే మాపివేయుట భక్తులకు తగదు. చెత్తను, ప్లాస్టిక్కును కాల్చకుండుట, అనవసరముగా వాహనమును నడపకుండుట, ఇంటిముందొక చెట్టును పెంచుట యనునవి చిన్న పనులే. యాత్రకు వచ్చు కుటుంబము ఘాటురోడ్డుపై వేఱువేఱు కార్లలో గాక ఒకే బస్సులో వచ్చినను, నడకదారిన వచ్చినను అదియు ఒక కైంకర్యమే. ఆకాశము స్వామి శరీరములోని భాగమని నమ్మువానికి దానిని శుభ్రముగా నుంచుట తిరుమంజనమువంటి సేవ.

అట్లే ఇండ్లలోని పెద్దలు బాలుర ప్రశ్నలను పూజగది గడప వెలుపల నిలిపివేయరాదు. తెలిసినంత చెప్పవలెను, తెలియనిదానిని ఉపాధ్యాయుని అడిగి తెలిసికొని రమ్మని పంపవలెను, వాడు వచ్చి చెప్పినపుడు శ్రద్ధగా వినవలెను. మనుమని నోట వెలుగు ధర్మమును విన్న తాతకు, తాత నోట శేషశాయి వైభవమును విన్న మనుమనికి, ఒకే ఆకాశము రెండు మార్గములలో సంపద యగును. ప్రశ్న యడుగుటకు చోటున్న యింటిలో భక్తి తరతరములు నిలుచును.

ఆకాశమును నీలముగా చేసి, మేఘమును నీటితో నింపి, చూచు కన్నును, తెలిసికొను బుద్ధిని ఇచ్చిన శ్రీనివాసుడు ఎల్లరకును నిర్మలమైన చూపును, నిర్మలమైన గగనమును అనుగ్రహించుగాక!